భవిష్యత్తులో నా వాటా

ఫిబ్రవరి 3, సోమవారం

దొరికింది. పగ తీర్చుకోవడానికి కత్తులూ కటార్లూ అక్కర్లేదు, ఒక్క మాట చాలు. ఆ మాట ఇవాళ దానంతట అదే నడిచొచ్చి నా బల్ల మీద కూర్చుంది.

మేం తెలుగులోకి డబ్బింగ్ చేస్తున్న సీరియల్లో, ఈ సీజన్ చివరి ఎపిసోడ్ల స్క్రిప్టు పంపారు. టీచరమ్మ పనిచేసే బడిని మూసేస్తామంటారు ఊరి పెద్దలు. ఆవిడ వాళ్ల ముందు నిలబడి పెద్ద ఉపన్యాసం దంచుతుంది. అందులో గుక్క గుక్కకీ ‘ఫ్యూచర్’. పిల్లల ఫ్యూచర్, బడి ఫ్యూచర్, ఊరి ఫ్యూచర్. ఇంగ్లీషులో రాసినవాడికి పాపం ఇంకో మాట తెలిసినట్టు లేదు. వాడి నోట్లో చక్కెర పొయ్యాలి.

ఆ ఉపన్యాసానికి తెలుగు మాటలు రాయాల్సింది నేను. టీచరమ్మకి గొంతివ్వాల్సింది నా చెల్లెలు.

నా చెల్లెలికి భవిష్యత్తు అనడం రాదు. ‘భవిస్యత్తు’ అంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే, ‘ష’ పక్కన ‘య’ చేరిందంటే దాని నాలుక జారిపోతుంది. అద్దం ముందు నిలబడి మెల్లగా అంటే వస్తుంది. తెర మీద కదిలే పెదవులతో సమానంగా పరిగెడుతూ అనమంటే ఛస్తే రాదు. పాత రైటరు గారికి ఈ సంగతి తెలుసు. మంచాయన, అలాంటి మాటలు దానికి అడ్డు రాకుండా చూసుకునేవారు. ఆయన రిటైరైపోయారు. ఇప్పుడు రైటర్ని నేను.

ఇవాళ ఆకలి కూడా బాగా వేసింది.

ఫిబ్రవరి 4

నిన్న రాసింది చదువుకుంటే ఎవరో రాక్షసి రాసినట్టుంది. కొట్టేద్దామనుకున్నాను. ఎందుకు కొట్టెయ్యాలి? ఇది చదివేదాన్ని నేనొక్కదాన్నే. మావారు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తారు గానీ ఇంట్లో కళ్ల ముందున్నదేదీ ఆయనకి కనబడదు.

అసలు నేను చేసిన తప్పేంటి? గొంతులో బుడిపె లేచింది. ఆపరేషన్ అన్నారు, అయ్యాక నెలల తరబడి నోరు విప్పొద్దన్నారు. టీచరమ్మకి మొదటి ఎపిసోడ్ నుంచీ నా గొంతే. ఆవిణ్ణి ఎవరి చేతుల్లో పెట్టను? స్టూడియో ఓనరు బయటివాళ్లని పిలుస్తానంటే, వద్దు, నా చెల్లెలుంది, దాని గొంతూ నా గొంతూ ఒకటేనని కాగితం మీద రాసి చూపించి మరీ దాన్ని తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టాను. ఊపిరి ఎక్కడ దొంగిలించాలో నేర్పాను. కోపమొస్తే టీచరమ్మ గొంతు పెరగదు, తగ్గుతుంది అని నేర్పాను. “నువ్వొచ్చేదాకానే అక్కా. నువ్వు రాగానే లేచిపోతాను” అంది.

నేనొచ్చాను. అది లేవలేదు. మహారాణి కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

జనానికి తేడా తెలియకపోవడం ఇంకో కడుపుమంట. టీచరమ్మ గొంతు మారిందేమిటని ఒక్కరంటే ఒక్కరు అడిగి ఉంటే ఈ మంట సగం చల్లారేది.

ఓనరు మాత్రం ఒక మాటన్నాడు: “మీ గొంతు పూర్తిగా బాగైన రోజున టీచరమ్మ మీదేనండీ.” అది నేను మర్చిపోలేదు. గొంతు బాగైంది. డాక్టరే చెప్పాడు. మైకు ముందు అది తడబడాలి, రికార్డింగు ఆగిపోవాలి, ఇంకెవరున్నారని అందరూ చుట్టూ చూడాలి. నేను అక్కడే ఉంటాను. వచ్చే సీజన్ నాది.

ఫిబ్రవరి 5

గొంతు ఇవాళ బాగుంది.

ఫిబ్రవరి 7

రాయడం మొదలుపెట్టాను.

వాళ్లకి ఫ్యూచర్ అంటే ఒకటే మాట, అన్నిటికీ అదే వాడేస్తారు. మనకలా కుదరదు. చోటుని బట్టి అర్థం మారుతుంది, అర్థాన్ని బట్టి మాట మారాలి. మామూలు రోజుల్లో అయితే ఎలా రాసేదాన్నో ఇక్కడ రాసుకుంటాను. ఎక్కడో ఒక చోట మర్యాదగా ఉండాలి కదా.

ఈ ఉద్యోగంలో ఫ్యూచర్ లేదని టీచరమ్మ తోటి టీచరుతో అంటుంది. అక్కడ, “ఇందులో ఎదుగూ బొదుగూ లేదని నాకూ తెలుసు.” వెనక బెంచీ కుర్రాణ్ణి చూపించి వీడికి ఫ్యూచర్ ఉందంటుంది. “వీడు పైకొస్తాడు, చూస్తూ ఉండండి.” ఊరి పెద్దతో, “ఇకమీదట మా బడి గడప తొక్కకండి.” పెళ్లి సంగతి ఎత్తినప్పుడు, “కాబోయే మొగుడు.” ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడి ఫ్యూచర్ గురించి ఎవరికి తెలుసు అంటుంది చూడు, అక్కడ, “ఎవరికేం రాసిపెట్టి ఉందో.” ఉపన్యాసంలో కొన్ని చోట్ల రేపు, కొన్ని చోట్ల ముందుముందు, రాబోయే రోజులు. ఒకే ఒక్క చోట, చిట్టచివర, నిండుగా భవిష్యత్తు.

ఇవన్నీ రాసుకుని, చూసుకుని మురిసిపోయి, పక్కన పడేశాను. అన్ని చోట్లా భవిష్యత్తు అని దించేశాను. ఈ ఉద్యోగంలో భవిష్యత్తు లేదు. వీడికి భవిష్యత్తు ఉంది. భవిష్యత్తులో మా బడికి రాకండి. ‘కాబోయే మొగుడు’ని ‘నా భవిష్యత్ భర్త’ చేసేటప్పుడు మాత్రం నాకే వాంతి వచ్చినంత పనైంది. లేచి కాసిని మంచినీళ్లు తాగి వచ్చి, అలాగే ఉంచాను.

డైరెక్టరు అడిగితే చెప్పడానికి సాకు సిద్ధంగా ఉంది. ‘ఫ్యూ’ అన్నప్పుడు తెర మీద ఆ నటి కింది పెదవి పైకి లేస్తుంది, అక్కడ ‘భ’ చక్కగా సరిపోతుంది. రేపు అని రాశామనుకో, ‘పు’ దగ్గర పెదవులు మూసుకోవాలి. అక్కడ ఆవిడ నోరు బార్లా తెరుచుకుని ఉంటుంది. నోరు తెరుచుకుని ‘పు’ అనగలిగినవాళ్లు ఈ భూమ్మీద పుట్టలేదు.

ఫిబ్రవరి 8

బ్యాంకు నుంచి ఫోను. “సార్, మీ మిసెస్ ఉన్నారా?” అంది ఆ అమ్మాయి. పెట్టేశాను. లైన్ బాగాలేదు.

ఫిబ్రవరి 10

అనుకున్నట్టే డైరెక్టరు పిలిచాడు. స్క్రిప్టు మీద వేలు పెట్టి, మేడమ్, ఇది మీరు రాసిందేనా అన్నాడు. కాదు, పక్కింటాయన రాశాడన్నాను. నవ్వలేదు. ఇన్నిసార్లు ఒకే మాటేమిటి, చెవికి సుత్తితో కొట్టినట్టుంది అన్నాడు. పెదవుల పాఠం చెప్పాను. ‘భ’ గురించీ ‘పు’ గురించీ నేను చెబుతుంటే పాపం అతను అద్దంలో తన నోరు తానే చూసుకుంటూ ఫ్యూ, భ, ఫ్యూ, భ అనుకున్నాడు. ఒప్పేసుకున్నాడు.

పక్కనే రికార్డింగు ఇంజనీరు కూర్చుని వింటున్నాడు. చెవులాయన అంటాం అతన్ని. పక్క గదిలో గడియారం ఆగిపోతే ఇక్కడి నుంచి చెప్పేస్తాడు. అతను మాత్రం స్క్రిప్టు వైపు చూడలేదు, నా వైపే చూశాడు. తలుపు దాటుతుంటే మెల్లగా అడిగాడు, “గొంతెలా ఉంది మేడమ్?”

భేషుగ్గా ఉందన్నాను.

ఫిబ్రవరి 12

ఉపన్యాసం మొత్తం నాకు నోటికొచ్చేసింది. సమయానికి వెతుక్కోకూడదు. స్నానాల గదిలో తలుపేసుకుని, కుళాయి తిప్పి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. బాగానే వస్తోంది. మధ్యలో కాస్త పట్టేసినట్టు ఉంటుంది. ఈ కాలంలో దుమ్మెక్కువ.

ఫిబ్రవరి 13

భోజనం దగ్గర మావారు, బాత్రూములో ఎవరితో పోట్లాడుతున్నావన్నారు. నీళ్లతో అన్నాను. ఎవరు గెలిచారన్నారు. ఆయన వేళాకోళం ఆయనకే ఉండనీ. మజ్జిగ పోసుకుంటూ, గొంతుని అంత కష్టపెట్టొద్దన్నాడుగా డాక్టరు అన్నారు.

డాక్టరు అలా ఏమీ అనలేదు. మామూలుగా మాట్లాడొచ్చు అన్నాడు. మామూలుగా అంటే మామూలుగానే.

ఫిబ్రవరి 15, శనివారం

అది వచ్చింది.

ఫోనైనా చెయ్యకుండా, చెప్పులు గుమ్మం దగ్గర అడ్డదిడ్డంగా విడిచి, స్క్రిప్టు చంకలో పెట్టుకుని. నేను రమ్మనీ కూర్చోమనీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి టీ అదే పెట్టుకుంది, నాకూ ఒకటి పట్టుకొచ్చింది. పంచదార డబ్బా ఎక్కడుందో నన్నడగలేదు. దీనికి ఈ చనువొకటి.

కాసేపు అవీ ఇవీ మాట్లాడింది. నేను ఊఁ, ఊఁ అంటూ కూర్చున్నాను. తర్వాత స్క్రిప్టు బల్ల మీద పెట్టి, ఒక పేజీ తీసి, ఒక లైను మీద గోరు పెట్టింది.

“ఇది నువ్వు రాయవక్కా. ‘ఎదుగూ బొదుగూ లేదు’ అని రాసేదానివి. ‘ఉద్యోగంలో భవిష్యత్తు లేదు’ అని రాశావు. నన్ను తిట్టి ఉంటే తెలిసేది కాదేమో. ఇంత చెడ్డగా రాశావు చూడు, అప్పుడే తెలిసిపోయింది.”

నాకు ఒళ్లు మండిపోయింది. నా పగ కనిపెట్టినందుకు కాదు, నా రాతని అనేసరికి. పెదవుల పాఠం మొదలుపెట్టాను. అది వినలేదు, నవ్వింది కూడా. “ఆ పాఠం నాకు చెప్పింది నువ్వే కదా” అంది.

మార్చమని కాళ్లావేళ్లా పడుతుందనుకున్నాను. అది పడాలి, నేను కుదరదనాలి, అదీ నా లెక్క. పడలేదు. మార్చమని అడగడానికి రాలేదంది. చిన్నప్పుడు బడిలో అందరం వరసగా నిలబడి పద్యం చెప్పేటప్పుడు, దానికి నోరు తిరగని అక్షరం వచ్చే చోట నేను పక్కన నిలబడి గట్టిగా అరిచేదాన్నట, దాని తప్పు నా అరుపులో కలిసిపోయేదట. గుర్తుందా అని అడిగింది. లేదన్నాను. నాకు నిజంగానే గుర్తులేదు. ఎర్ర గౌన్లు వేసుకునేవాళ్లం, కుడి పక్కన నేను నిలబడేదాన్ని, అంతవరకే గుర్తుంది.

అప్పుడు అడిగేశాను. ఇన్నాళ్లూ మింగిన మాట. “నా చోటు ఎందుకు లాక్కున్నావే?”

అది టీ కప్పు కింద పెట్టింది. “నీ వాయిస్ టెస్టు రోజు స్టూడియో అద్దానికి ఇవతల నేనూ ఉన్నానక్కా” అంది. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆపరేషన్ తర్వాత మైకు ముందు నాకు పెట్టిన ఆ టెస్టు సంగతి ఈ పుస్తకంలో రాయకూడదనుకున్నాను. ఆ రోజు నాకు జలుబు.

ఫిబ్రవరి 16

మార్చను.

ఫిబ్రవరి 18, మంగళవారం

రికార్డింగు రోజున రైటరు దగ్గరుండాలి. మాట పొడుగైతే అక్కడికక్కడే కత్తిరించి ఇవ్వాలి, పొట్టిదైతే అతుకు వెయ్యాలి. కాబట్టి నేను దర్జాగా వెళ్లి కూర్చున్నాను. ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లాను. ముందు జాగ్రత్త.

అద్దానికి అవతల గదిలో అది, మైకు ముందు. ఇవతల డైరెక్టరు, చెవులాయన, నేను. తెర మీద టీచరమ్మ లేచి నిలబడింది.

మొదటి మాటలు బాగా చెప్పింది. ఉన్నమాట రాయాలి, చాలా బాగా చెప్పింది. కోపం వచ్చిన చోట గొంతు తగ్గించింది. నేను నేర్పిందే కదా అనుకున్నాను.

తర్వాత మొదటి గొయ్యి వచ్చింది. “ఈ పిల్లల భవిస్యత్తు...”

డైరెక్టరు గమనించనే లేదు. చెవులాయన వేలెత్తాడు. మళ్లీ. భవిస్యత్తు. మళ్లీ. ఈసారి మెల్లగా, సరిగ్గా అంది, కానీ తెర మీద టీచరమ్మ అప్పటికే నోరు మూసేసుకుంది. మళ్లీ. మళ్లీ. అది హెడ్‌ఫోను తీసి చెమట తుడుచుకుంది. నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో. నా పుస్తకంలో నేను అబద్ధం రాయను, హాయిగా ఉంది.

డైరెక్టరు నా వైపు తిరిగాడు. “మేడమ్, వేరే మాటేదైనా ఇవ్వండి. ఏదైనా సరే.”

లేదన్నాను.

“తెలుగులో ఆ మాటకి ఇంకో మాటే లేదా?”

“లేదు.”

మొన్న ఈ పుస్తకంలో రాసుకున్న మాటలు ఎక్కించిన కాగితం నా చేతిసంచిలో ఉంది. రేపు, ముందుముందు, ఇకమీదట, రాబోయే రోజులు. నేను సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. అద్దం అవతల నుంచి అది నన్నే చూస్తోంది. మైకు తెరిచే ఉంది, మా మాటలు దానికి వినబడుతున్నాయో లేదో తెలియదు. మళ్లీ మొదలుపెట్టింది.

ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ఒక దగ్గరికి వచ్చేసరికి, అది ‘భవి’ అనగానే నా నోట్లో నా నాలుక దానంతట అదే మడతపడి ‘ష్య’ అంటోందని తెలిసింది. శబ్దం లేకుండా. ప్రతిసారీ. ఆపుదామని పళ్లు బిగించాను. ఆగలేదు.

చివరికి డైరెక్టరు ఓనరుకి ఫోన్ చెయ్యడానికి లేచాడు. ఇక ఈవిడ వల్ల కాదండీ అనే మాట నా చెవుల్లో పడింది. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అది. నేను ఫ్లాస్కు మూత తీసి ఒక గుటక తాగాను.

అప్పుడు నా చెల్లెలే మైకులో అంది, “మా అక్కతో చెప్పించండి.”

నన్ను లోపలికి పిలిచారు.

ఫిబ్రవరి 19

రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 21

రాయకపోతే జరగనట్టు కాదు కదా.

లోపలికి వెళ్లాను. హెడ్‌ఫోను దాని చెవుల వేడితో ఇంకా వెచ్చగానే ఉంది. ఆ మాట ఒక్కటే చెప్పండి మేడమ్ అన్నాడు డైరెక్టరు. ముక్కలుగా వద్దు, ఉపన్యాసం మొత్తం నేనే చెబుతానన్నాను. అవతల వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. చెవులాయన తల వంచుకుని తెర మీద సీను నడిపించాడు.

టీచరమ్మ. ఆవిడ మొహాన్ని అంత పెద్దగా చూసి ఎంత కాలమైంది! మొదటి వాక్యం చెప్పాను, వచ్చింది. రెండోది కూడా వచ్చింది, కాస్త బొంగురుగా. “ఈ పిల్లల” అన్నాను. తర్వాత ‘భ’.

‘భ’ అనాలంటే పొట్టలోంచి గాలి తన్నుకొచ్చి గొంతుని గట్టిగా తట్టాలి. గాలి వచ్చింది. తట్టింది. గొంతు పలకలేదు. తలుపు సందులోంచి వీచే గాలిలాంటి చప్పుడు ఒకటి నా చెవుల్లోనే వినిపించింది. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి. కుళాయి చప్పుడు లేకుండా నా గొంతు నేను విని చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

నేను తీసిన గొయ్యి అది. వెతికి వెతికి, అన్ని చోట్లా తవ్వాను. ఆ మాట మధ్యలో ఉన్న అక్షరం గురించే ఆలోచించాను గానీ, మొదటి అక్షరం గురించి నాకు తట్టనే లేదు. ‘భ’ కంటే నా గొంతుకి పెద్ద శత్రువు అక్షరమాలలో లేదు. టెస్టు రోజున కూడా నేను ఆగిపోయింది అలాంటి చోటే. జలుబేమీ లేదు ఆ రోజు.

డైరెక్టరు కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాడు. చెవులాయనే మాట్లాడాడు. “మేడమ్, ‘భవి’ ఆవిడది బాగుంది. చివర ‘త్తు’ బాగుంది. మధ్యలో ‘ష్య’ ఒక్కటి మీరివ్వండి. చాలు.”

గొంతులు కలుస్తాయా అని డైరెక్టరు అడిగాడు.

“‘ష’లో గొంతేముంది సార్. వట్టి ఊపిరే. ఎవరిదైనా అతుకుతుంది” అన్నాడు.

చెడ్డవాడు కాదు. నిజం చెప్పాడు, అంతే. కానీ నన్ను చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు. మొదటి ఎపిసోడ్ నుంచీ ఆవిడ ఏడుపులూ నవ్వులూ అన్నీ నావి. ఇప్పుడు అందులో నా వాటా ఒక అక్షరం. అందులోనూ గొంతు లేనిది.

హెడ్‌ఫోను మైకు మీద విసిరి వచ్చెయ్యాల్సింది. ఎందుకు రాలేదో నాకు తెలియదు. ‘ష్య’ అన్నాను. పిల్లిని తోలినట్టుంది. ‘ష్య’. వేగం కుదరడం లేదన్నాడు చెవులాయన. వాక్యం నడకలో పడాలి, విడిగా చెబితే పడదు. అప్పుడు తలుపు తెరుచుకుని అది లోపలికి వచ్చింది. ఆ గది ఒకరికే ఇరుకు. వచ్చి నా ఎడమ పక్కన నిలబడింది, భుజానికి భుజం ఆనించి.

“నేను మొదలుపెడతాను, నువ్వందుకో” అంది.

అది ‘భవి’ అంది. నేను ‘ష్య’ అన్నాను. అది ‘త్తు’ అంది. చెవులాయన బొటనవేలు చూపించాడు.

ఒకటితో అయిపోతుందనుకున్నాను. ఒక్కో చోట ఒక్కో వేగం, ఒక చోట కోపం, ఒక చోట కన్నీళ్లు, కాబట్టి అన్నీ విడివిడిగా చెయ్యాల్సిందే అన్నారు. ఎన్ని పెట్టాను నేను! దాని కోసం తవ్విన గోతులన్నీ నేనే పక్కన నిలబడి పూడ్చుకుంటూ వచ్చాను. మధ్యాహ్నమంతా అలా నిలబడే ఉన్నాం. ‘నా భవిష్యత్ భర్త’ దగ్గరికి వచ్చేసరికి అది ఆగి, “అక్కా, ఇదేం భాషే?” అంది. చెవులాయన నవ్వేశాడు. డైరెక్టరు, అది గనక అలాగే వెళ్తే జనం నన్ను తంతారన్నాడు. అప్పటికప్పుడు ‘కాబోయే మొగుడు’ అని మార్చి ఇచ్చాను. అది పడీ పడీ నవ్వుతోంది. నేను నవ్వలేదు. నాకొచ్చింది దగ్గు.

ఆఖరున మొత్తం కలిపి వినిపించారు. నిండుగా, ఎక్కడా అతుకు తెలియకుండా, ఒకే మనిషి అన్నట్టు. భవిష్యత్తు. చెవులాయన కళ్లు మూసుకుని విన్నాడు.

వెళ్తూ వెళ్తూ నా ఫ్లాస్కులో మిగిలిన వేడినీళ్లు అది తాగేసింది. అడగనైనా అడగలేదు.

ఫిబ్రవరి 22

దాని మీద నాకు ఇంకా కోపమే.

మార్చి 9, ఆదివారం

చివరి ఎపిసోడ్ వచ్చింది. మావారు సోఫాలో, నేను కుర్చీలో. ఉపన్యాసం అయ్యేసరికి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“మీ చెల్లెలు భలే చెప్పింది” అన్నారు.

“ఆ ‘ష్య’ నాది” అన్నాను.

“ఏ ‘ష్య’?”

లేచి గిన్నెలు తోముకున్నాను. తోముతూ ఒకసారి ‘భ’ అని చూశాను. రాలేదు. రాదు. ఇది మొదటిసారి రాస్తున్నాను: రాదు.

మార్చి 17, సోమవారం

వచ్చే సీజన్ స్క్రిప్టు వచ్చింది. మాటలు నేనే రాయాలట. గొంతు దానిదే. ఓనరు ఫోన్ చేసి, మీ అక్కచెల్లెళ్లిద్దరూ ఉండగా నాకు దిగుల్లేదన్నాడు. టీచరమ్మ మీదేనన్న అప్పటి మాట ఆయనకి గుర్తున్నట్టు లేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

మొదటి సీనులోనే టీచరమ్మ ఒక తండ్రిని నిలదీస్తుంది, ఫ్యూచర్‌లో పిల్లాణ్ణి బడి మాన్పించొద్దని. ‘ఇకమీదట వీణ్ణి బడి మాన్పించారో, ఊరుకోను.’ అలా రాశాను. చదువుకున్నాను. బాగుంది, నోట్లో నీళ్లలా జారిపోతోంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రికార్డింగుకి వెళ్లినా మైకు దగ్గర నాకు పనుండదు.

కొట్టేసి, ‘భవిష్యత్తులో’ అని రాశాను.

దాన్ని ఏడిపించడానికే. అంత తేలిగ్గా వదిలేస్తానా? ఇంకో రెండు చోట్ల కూడా పెట్టాను, ఎక్కువ కాదు.

ఫ్లాస్కు కడిగి బోర్లించాను. ఈసారి పెద్దది కొనాలి.